నీళ్ళా, జిగురా?

పోయిన వారం శ్రీకాకుళం నుంచి మా ఊరు పర్లాకిమిడి వస్తున్నాను. బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఫోనులో కూతురితో మాట్లాడుతోంది. కూతురికి ఏడో నెల నడుస్తోందనీ, అత్తవారింట్లో ఉందనీ మాటల్లో తెలిసింది. అవతలి గొంతు నాకు వినపడలేదు. ఏమి చెబుతోందో మాత్రం ఈవిడ జవాబులను బట్టి అర్థమవుతూనే ఉంది. "పొత్తికడుపు లాగదా మరి? లోపల బిడ్డ పెరుగుతోంది కదా... తెల్లబట్టా? అదీ అవుతుంది. వేడి చేసి ఉంటుంది, బార్లీ కాచుకుని తాగు. కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలేనమ్మా."

ఆ ఆఖరి మాట వినగానే నా చేతులు చల్లబడ్డాయి. ఐదేళ్ళ కిందట సరిగ్గా అదే మాట మా ఇంట్లో మా అమ్మ అంది. నేను పక్కన నిలబడి తలూపాను.

ఆ మాట అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ పెరుగుతుంది, కింది భాగానికి రక్తం ఎక్కువగా చేరుతుంది, దాంతో తెల్లటి పల్చటి స్రావం నెలలు గడిచేకొద్దీ ఎక్కువవుతుంది. దుర్వాసన, దురద, మంట లేకపోతే దానికి మందే అక్కరలేదు. గర్భసంచిని పట్టి ఉంచే బంధనాలు సాగడం వల్ల లేచేటప్పుడో, పక్క మీద ఇటు నుంచి అటు తిరిగేటప్పుడో గజ్జల దగ్గర చురుక్కుమంటుంది, కాసేపటికి పోతుంది. మన అమ్మలూ అమ్మమ్మలూ ఇవన్నీ పడ్డారు, బిడ్డల్ని కన్నారు. కాబట్టే మామూలే అంటారు. చాలాసార్లు వాళ్ళ మాటే నిజమవుతుంది కూడా. అయినా, రంగు అడగకముందు, వాసన అడగకముందు, ఎదుటి పిల్ల చెప్పేది చివరిదాకా వినకముందు ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎంత ప్రేమతో అన్నా సరే.

మా మరదలి సంగతి

మా తమ్ముడి భార్యది మెళియాపుట్టి దగ్గర పల్లె. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. చుట్టరికాలు మాత్రం విడిపోలేదు. ఇప్పటికీ అక్కడి పిల్లలు ఇక్కడికి కోడళ్ళుగా వస్తూనే ఉన్నారు. వచ్చాక తెలిసేది ఏమిటంటే, ఇంట్లో అంతా తెలుగే అయినా గుమ్మం దాటితే రేషను కాగితం నుంచి ఆసుపత్రి చీటీ దాకా అన్నీ ఒడియాలోనే. గర్భిణికి ఇచ్చే తల్లీబిడ్డల కార్డు కూడా అంతే. ఏయే లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చెయ్యకూడదో అందులో బొమ్మలతో సహా ఉంటుంది. నొప్పులు రాకముందే ఉమ్మనీరు పోవడం వాటిలో ఒకటి. మా మరదలు పది దాకా తెలుగులో చదువుకుంది. ఆ కార్డు ఆరు నెలల పాటు బీరువాలో భద్రంగా ఉంది, ఆమె ఒక్క అక్షరం చదవలేకపోయింది. దాన్ని చదివి చెప్పాలన్న ఆలోచన ఒడియా బడిలో చదువుకున్న నాకు రాలేదు.

ముప్ఫై రెండో వారంలో ఒక సోమవారం పొద్దున్న పెరట్లో బట్టలు ఆరవేస్తూ నాతో అంది, "వదినా, తెల్లబట్ట ఎక్కువగా అవుతోంది. నడుము లాగుతోంది. నీళ్ళలా ఉంది." ఈ చివరి రెండు మాటలు నాకు బాగా గుర్తున్నాయి. అమ్మతో చెప్పినప్పుడు వాటిని వదిలేశాను. అమ్మ సబ్జా గింజలు నానబెట్టింది.

మర్నాటికి నాలుగుసార్లు బట్ట మార్చుకోవలసి వచ్చింది. ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళాను. ఎక్కడిదో పేరు రాయను, ఆ రోజు తప్పులో నా వాటా పెద్దది కాబట్టి. మా వెనక వరసలో మగవాళ్ళున్నారు. మా తమ్ముడు కాస్త దూరంగా గోడ వైపు చూస్తూ నిలుచున్నాడు. నర్సు ఒడియాలో ఏమైందని అడిగింది. మరదలు నా వైపు చూసింది. నేను గొంతు తగ్గించి రెండు ముక్కలు చెప్పాను. తెలుపు అనే అర్థంలో "ధళా" అన్నాను, కడుపు నొప్పిగా ఉందనడానికి "పేట బింధుఛి" అన్నాను. అంతే. నర్సు బిళ్ళలు రాసింది, నీళ్ళు బాగా తాగమంది. ఆమె పరీక్ష చేసి ఉండవలసింది, నిజమే. కానీ ఆమెకు అందిన సమాచారం తెలుపు, నొప్పి. నీళ్ళు అన్న మాట నా నోట్లోనే ఆగిపోయింది. "పాణి" అనే ఆ రెండక్షరాలు నాకు రాక కాదు.

మూడో రోజు రాత్రి మా వీధి చివరి మామ్మ వచ్చింది. ఒకప్పుడు మంత్రసాని. ఇప్పుడు పురుళ్ళన్నీ ఆసుపత్రుల్లోనే కాబట్టి ఆమెను ఎవరూ పిలవరు. పిండివంటలు చెయ్యడానికి సాయం వచ్చి, మూలుగు విని లోపలికి వెళ్ళింది. అడిగింది ఒకే ప్రశ్న. "నీళ్ళా, జిగురా?"

తరవాత బట్ట తెమ్మంది. దీపం దగ్గర పట్టి చూసింది, వాసన చూసింది. "ఇది తెల్లబట్ట కాదు, ఉమ్మనీరు. బండి పిలవండి" అంది. నూట ఎనిమిదికి ఫోను చేశాం.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి, నీరు పోవడం మొదలై కనీసం రెండు రోజులై ఉంటుందని చెప్పింది. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి డెక్సామెథసోన్ ఇంజెక్షన్ వేశారు. ఇరవై నాలుగు నుంచి ముప్ఫై నాలుగు వారాల మధ్య నెలలు నిండకుండానే కాన్పయ్యేలా ఉంటే పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు మోతాదులు వెయ్యాలి. మాకు ఒకటే పడింది. తెల్లవారుజామున మేనల్లుడు పుట్టాడు, 1,600 గ్రాములు. పంతొమ్మిది రోజులు నవజాత శిశు విభాగంలో ఉన్నాడు. వార్డు గుమ్మం దగ్గర బంధువు ఒకావిడ "ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు" అంటుంటే మరదలు గోడకు ఆనుకుని వింది. అది శుద్ధ అబద్ధం, కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు లాభమే. ఆ పంతొమ్మిది రోజుల్లో ఆమెకు ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు.

వాడు దక్కాడు. ఇప్పుడు బడికి వెళుతున్నాడు.

తరవాత ఎప్పుడో నాకు తెలిసిన విషయం ఒకటుంది. ఆ ఇంజెక్షన్ మొదటి మోతాదును పెద్దాసుపత్రికి పంపే ముందే ఏఎన్ఎం, అంటే ఊళ్ళల్లో తిరిగే నర్సు, స్థాయిలోనే వెయ్యవచ్చని 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే ఆ మంగళవారం నేను ఇంకొక్క మాట చెప్పి ఉంటే, నాలుగు మోతాదులూ పూర్తవడానికి సమయం ఉండేది.

బట్ట పేరు, నీటి పేరు

ఈ ఐదేళ్ళలో నేను ఎక్కువగా ఆలోచించింది వైద్యం గురించి కాదు, మాట గురించి. తెల్లబట్ట అంటే ఏమిటి? అది స్రావం పేరు కాదు, స్రావం అంటిన బట్ట పేరు. ఒంట్లో జరిగేదాన్ని నేరుగా అనలేక, దాని గుర్తు పడిన గుడ్డ పేరు పెట్టి పక్కకు జరిగాం. పైగా ఆ ఒక్క మాట కిందకు అన్నీ తోసేశాం. పెరుగు విరిగినట్టు ముద్దగా, విపరీతమైన దురదతో వచ్చేది శిలీంధ్రం వల్ల. గర్భిణులకు తరచుగా వస్తుంది. పల్చగా, బూడిద రంగులో, చేపల నీచు వాసనతో వచ్చేది బాక్టీరియా వల్ల. నెలలు నిండకుండా కాన్పు కావడానికీ దానికీ సంబంధం ఉందని వైద్యులు చాలాకాలంగా గమనిస్తున్నారు. పచ్చగా నురగతో వస్తే మరొకటి. జిగురులో ఎర్ర జీర కనిపిస్తే కాన్పు దగ్గరపడిందేమో చూడాలి, నెలలు నిండకపోతే ఇంకా తొందరగా చూడాలి. ఆపుకున్నా ఆగకుండా కారేది, దగ్గినప్పుడు ఎక్కువయ్యేది, బట్టను తడిపేసేది ఉమ్మనీరు కావచ్చు, మూత్రమూ కావచ్చు. పరికరం పెట్టి చూస్తే గానీ తేలదు. ఇన్నింటికీ మా ఇంట్లో ఒకటే పేరు, ఒకటే మందు. సబ్జా గింజలు.

మందుల షాపులోనూ అంతే. తెల్లబట్టకు బిళ్ళ అని అడిగితే ఏదో ఒకటి చేతిలో పెడతారు. శిలీంధ్రానికి మామూలుగా మింగించే ఫ్లూకొనజోల్‌ను గర్భిణికి ఇవ్వకుండా వైద్యులు సాధారణంగా లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ రాస్తారని ఆ షాపు కుర్రాడికి ఎవరు చెప్పాలి? కడుపుతో ఉన్నది ఎవరో కూడా అతనికి తెలియదు, బిళ్ళ కొనడానికి వచ్చింది భర్త.

నొప్పి విషయంలో మన భాష కొంచెం నయం. దొంగ నొప్పులు అనే చక్కని మాట ఉంది మనకు. లెక్కాపత్రం లేకుండా వచ్చి, నడుం వాల్చితే పోయేవి అవి. ముప్ఫై ఏడు వారాలు నిండకుండానే పొట్ట బిగుసుకుంటూ వదులుతూ, ఒక వరసలో వస్తుంటే అవి దొంగవి కావు. పొట్ట రాయిలా గట్టిపడి వదలకపోతే మాయ విడిపోతోందేమోనని క్షణం ఆలస్యం లేకుండా పరుగెత్తాలి, రక్తం కనిపించినా కనిపించకపోయినా. పక్కటెముకల కింద నొప్పి, తలనొప్పి, చూపు మసకబారడం కలిసి వస్తే రక్తపోటు చూడాలి. ఇక రెండో నెలలో ఒక పక్కనే పొడుస్తూ, కళ్ళు తిరిగి, భుజం మీద నొప్పి వస్తే అది గ్యాస్ కాదు, గర్భం ట్యూబులో నిలిచిందేమో అన్న అనుమానం రావాలి. ఇవన్నీ ప్రతి ఇల్లూ కంఠస్థం చెయ్యాలని నేను అనను. "కడుపు నొప్పి" అన్న ఒక్క మాటలో ఇన్ని దాగి ఉన్నాయని తెలిస్తే చాలు, తరవాతి ప్రశ్న దానంతట అదే వస్తుంది.

రెండు రాష్ట్రాలు, మూడు భాషలు

మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచాలో నా స్నేహితురాలు ఒకామె టీచరుగా పనిచేస్తోంది. అక్కడా ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ. ఆమెతో ఈ సంగతంతా చెబితే నేను ఊహించనిది ఒకటి చెప్పింది. మరాఠీలో తెల్లబట్టను "పాంఢరే పాణీ" అంటారట, అంటే తెల్ల నీళ్ళు. హిందీలోనూ "సఫేద్ పానీ" అనే కదా అంటారు. అంటే అక్కడ ఒక తెలుగమ్మాయి ధైర్యం చేసి, నీళ్ళు పోతున్నాయి అనడానికి "పాణీ" అని సరిగ్గా చెప్పినా, వినేవాళ్ళు దాన్ని తెల్లబట్టగానే అర్థం చేసుకోవచ్చు. నేను మాట మింగి తప్పు చేశాను. అక్కడ మాట చెప్పినా చాలదు. రంగు లేదు, బట్ట తడిసిపోతోంది, ఆగడం లేదు అని విడమరిచి చెప్పాలి.

మా గజపతి జిల్లా కొండల్లో సవర ఆడవాళ్ళది ఇంకా కష్టం. సవరలో అనుకున్నది భర్త తెలుగులోకో ఒడియాలోకో మార్చాలి, ఆ తరవాత డాక్టరు చీటీ మీదకు ఇంగ్లీషులో ఎక్కాలి. భర్త, అన్న, ఆశా కార్యకర్త, ఇలా ఒక్కొక్క చేతిలో ఒక్కొక్క వివరం రాలిపోతుంది. రాలిపోయేది ఎప్పుడూ సిగ్గనిపించే వివరమే.

గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. సవరలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ మాట నేర్చుకోవాలని ఆయన నేర్చుకున్నారు, ఆ భాషకు నిఘంటువు తయారుచేశారు. జనం మాట్లాడే తెలుగే రాతలోకి రావాలని పోరాడారు. ఏటా ఆగస్టు 29న మేమంతా ఆయనకు దండ వేసి భాష గొప్పతనం గురించి ఉపన్యాసాలు ఇస్తాం. నేనూ ఇచ్చాను. అదే ఊళ్ళో ఒక గర్భిణి తన ఒంట్లోంచి ఏమి పోతోందో పది మంది ముందు చెప్పగలిగే మాట లేక, ఉన్న మాట అనడానికి నోరు రాక మూడు రోజులు తడిబట్టతో కూర్చుంది. ఇది కూడా భాష సమస్యే అని ఆ వేదిక మీద ఒకసారి చెప్పాలని ఉంది నాకు.

"ఊరికే భయపెడుతున్నావు"

ఇలా మాట్లాడినప్పుడల్లా మా అక్క అనే మాట ఇది. తడి కనిపించిన ప్రతిసారీ ఆసుపత్రికి పరుగెత్తితే, అక్కడ ఏమీ లేదు పొమ్మంటే, ఆ పిల్ల మళ్ళీ నోరు తెరవదని ఆమె వాదన. నిజంగానే ఆలోచించవలసిన మాట. నా కాన్పుకు ముందు నేను మూడుసార్లు పరుగెత్తాను, మరదలి అనుభవం తరవాత కదా. మొదటిసారి మామూలు స్రావం. రెండోసారి బంధనాల నొప్పి. రెండుసార్లూ తల దించుకుని ఇంటికి వచ్చాను. మూడోసారి కడుపు కింద బరువుగా ఉంది, అంతే. మంట లేదు, జ్వరం లేదు. వెళ్ళాలా వద్దా అని ఒక పూటంతా తటపటాయించాను. మూత్ర పరీక్షలో ఇన్ఫెక్షన్ బయటపడింది. గర్భిణుల్లో అది మంట లేకుండానే ఉండవచ్చుననీ, వదిలేస్తే మూత్రపిండాల దాకా పాకి ముందస్తు నొప్పులు తేవచ్చుననీ అప్పుడు తెలుసుకున్నాను. మొదటి రెండు ప్రయాణాలకు సిగ్గుపడి మూడోది మానుకుని ఉంటే? అక్కకు నా దగ్గర ఉన్న జవాబు ఇదొక్కటే. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం డబ్బు గురించి. 2011 నుంచి జననీ శిశు సురక్ష పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షలు, మందులు, ప్రయాణం ఉచితం. కాశీనగర్ వైపు పొలాల్లో పనిచేసే ఆడమనిషికి ఆ రోజు కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు. వెంట వచ్చే మనిషి కూలీ పోతుంది. 2016 నుంచి ప్రతి నెలా తొమ్మిదో తేదీన గర్భిణులకు ప్రత్యేకంగా డాక్టరు చూసే ఏర్పాటు ఉంది. ఆ రోజు వరస ఎంత పొడుగుంటుందో చూసినవాళ్ళకు తెలుసు. ఒక్కొక్కరికి దొరికేది రెండు మూడు నిమిషాలు. ఆ నిమిషాల్లో "ఏమైనా ఇబ్బంది ఉందా?" అని అడిగితే వచ్చే జవాబు "లేదండీ". ఎవరూ లేని గదిలో "బట్ట తడుస్తోందా? రోజుకు ఎన్నిసార్లు మారుస్తున్నావు? వాసన ఉందా? నొప్పి వచ్చి పోతోందా, అలాగే ఉందా? బిడ్డ కదులుతోందా?" అని అడిగితే వచ్చే జవాబు వేరు. ఈ ప్రశ్నలకు ఖర్చు లేదు. ఇంట్లో అత్తగారూ అడగవచ్చు, ఆశా కార్యకర్తా అడగవచ్చు, భర్త అడిగితే మరీ మంచిది. శుభ్రమైన పాత నూలు బట్ట మడిచి పెట్టుకుని గంటసేపు నడిచి చూస్తే తడిసిందో లేదో తెలుస్తుంది. తడిస్తే ఆ బట్టను పారెయ్యకుండా సంచిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. ఆరిపోయిందని, తక్కువేనని ఇంట్లోనే తీర్మానం చెయ్యకూడదు.

మంత్రసానుల కాలమే నయమని నేను అంటున్నానని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఆ మామ్మ చేతుల్లోనే ఎందరు తల్లులు పోయారో ఆమే చెబుతుంది, చెబుతూ ఏడుస్తుంది. పురుడు ఆసుపత్రిలోనే జరగాలి. కానీ ఆమెకు నీళ్ళు వేరు, జిగురు వేరు, ఎర్ర వేరు. ఆ తేడా అడగడానికి ఆమెకు సిగ్గు లేదు. పురుడు ఇంట్లోంచి ఆసుపత్రికి మారినప్పుడు ఆ ప్రశ్న దారిలో ఎక్కడో జారిపోయింది. చదువుకున్న నేను, ఉద్యోగంలో ఉన్న నర్సు, ఐదుగురిని కన్న మా అమ్మ, ముగ్గురం దాన్ని అడగలేదు.

బస్సులో ఆవిడ ఫోను పెట్టెయ్యబోతోంది. నేను ఎవరో ఆవిడకు తెలియదు. చెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, ఏమీ అనుకోకండి. నీళ్ళలా ఉందా, జిగురుగా ఉందా అడగండి. బట్ట తడిసిపోతోందా అడగండి" అన్నాను. ఆవిడ ముందు సీట్లలోని మగవాళ్ళ వైపు చూసింది, తరవాత నా వైపు చూసింది. కోపం వచ్చిందనుకున్నాను. కొంగు తల మీదుగా లాక్కుని, కిటికీ వైపు తిరిగి, నేను చెప్పిన మాటలనే కూతురిని అడిగింది.

అవతలి నుంచి చాలాసేపు జవాబు వస్తూనే ఉంది. పాతపట్నంలో బస్సు ఆగింది. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, ఊఁ కొడుతూ ఆవిడ దిగిపోయింది.